ఆవగింజంత రాగి పలక

నాకు మనుషులంటే చిన్నప్పటి నుంచీ లెక్కలేదు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, అలాగని దాచుకోవడమూ లేదు. మా నాయిన తాండూరు నాపరాయి గనిలో మేస్త్రి. ఆయన బండ మీద సుత్తెతో రెండు దెబ్బలు వేసి, చెవి ఒగ్గి విని, అది పనికొచ్చేదో కాదో చెప్పేసేవాడు. లోపల పగులుంటే బండ డొల్లగా మోగుతుంది, లేకపోతే ఖంగుమంటుంది. నేను ఆ విద్యను మనుషుల మీద వాడాను. రెండు మాటలు మాట్లాడించి, డొల్లగా మోగినవాళ్ళను పక్కకు నెట్టేసేదాన్ని. తాండూరు నుంచి వికారాబాదు దాకా వెతికినా ఖంగుమన్నవాళ్ళు నాకు నలుగురు కూడా దొరకలేదు. దొరికిన ఆ కొద్దిమందిలో నాయిన ఒకడు, నేను ఒకదాన్ని.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల మా బడులు నెలల తరబడి మూతపడ్డాయి. నేనప్పుడు ఏడో తరగతి. సెలవులొచ్చాయని గంతులేసే పిల్లలను చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను నాయిన వెంట గనికి పోయేదాన్ని. గని అంటే సొరంగమని చాలామంది అనుకుంటారు, అది వాళ్ళ తెలివి. మా గని ఆకాశం కనబడే పెద్ద గొయ్యి. అందులో రాయి ఒకదాని మీద ఒకటి పరిచినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. రెండు పొరల మధ్య పల్చటి మట్టి. ఆ మట్టిలోకి గడ్డపారలు పోనిచ్చి నలుగురు ఒక్కసారి లేపితే పొర మొత్తం బండగా లేచి వస్తుంది.

మా గనిలో ఒక ఆనవాయితీ ఉండేది. మంచం కంటే పెద్ద బండ ఎక్కడా పగలకుండా లేస్తే కాసేపు పని ఆపేసి, దాని మీదే అందరూ కూర్చుని చాయ్ తాగేవాళ్ళు. మొదటి గ్లాసు ఆ బండ లేపించిన మేస్త్రికి. నాయిన అలా ఎన్నిసార్లు మొదటి గ్లాసు తాగాడో నేను గుర్తుపెట్టుకుని, మిగతా మేస్త్రీల పిల్లల ముందు అప్పజెప్పేదాన్ని. బండ లేచేటప్పుడు రాలిన పెచ్చులను ఆడవాళ్ళు తట్టలకెత్తి గట్టు అవతల పారబోసేవాళ్ళు. ఆ పెచ్చుల గుట్ట వైపు ఎవరూ చూసేవాళ్ళు కారు. ఎంత పెద్ద బండ కావాలని గనిలో ఎవరూ ఎవరినీ అడగగా నేను వినలేదు. ఎంత పెద్దదైతే అంత మంచిది, అంతే.

తర్వాత నేను హైదరాబాదులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేసి, ఎనభైల మొదట్లో వికారాబాదులో ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. ల్యాబులో పిల్లలతో ప్రయోగాలు చేయించే ఉద్యోగం అది. పాఠం చెప్పే గౌరవం లెక్చరర్లది, సీసాలు కడిగించే భాగ్యం మాది. పొద్దున తాండూరులో ప్యాసింజరు ఎక్కి వికారాబాదులో దిగేదాన్ని, సాయంత్రం మళ్ళీ అలాగే వెనక్కి. బండిలో తోటి ఉద్యోగులు ఎవరికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఎవరి అల్లుడు ఎలాంటివాడు అని దారి పొడుగునా మాట్లాడుకునేవాళ్ళు. నేను కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చునేదాన్ని. కాలేజీలో పుస్తకాల తెలుగు తప్ప ఇంటి మాట నా నోటి నుంచి రానిచ్చేదాన్ని కాదు, తాండూరు మాటను తాండూరు స్టేషనులోనే దింపేసి వచ్చేదాన్ని.

మా డిపార్ట్‌మెంటు హెడ్డు గారు కుర్చీలో రుమాలు పరుచుకుని కూర్చున్నారంటే బెల్లు కొట్టేదాకా లేచేవారు కాదు. ఆయన నోట్సు కాగితాలు అంచులు విరిగి రాలిపోతుండేవి, అందులోని తప్పులు మాత్రం చెక్కుచెదరలేదు. ఏళ్ళ తరబడి టెస్ట్‌ట్యూబు ముట్టని ఆ మనిషి, ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తున్నారని తెలిస్తే తెల్లకోటు తొడుక్కుని, ఏవో రంగు నీళ్ళు చేతిలో పట్టుకుని కిటికీ వెలుగులో నిలబడేవారు. ఆ నీళ్ళు ఏమిటని వాళ్ళు అడిగితే నా వైపు చూసేవారు. నేను చెప్పకుండా రెండు క్షణాలు ఆగేదాన్ని. ఆయన మెడ మీద చెమట పుట్టేదాకా ఆగి, అప్పుడు చెప్పేదాన్ని. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన సుఖం అదొక్కటే.

ఇంకొకరు ఇంటర్మీడియట్ పిల్లల ట్యూటరు. నాకంటే రెండేళ్ళు చిన్న. అతనిదీ ఎమ్మెస్సీయే, ఎలా పాసయ్యాడో తెలియదు. పూడూరు దగ్గర ఒక పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. ప్యాంటు చీలమండకు రెండు వేళ్ళ పైనే ఆగిపోయేది. తలకు నూనె, చంకలో గుడ్డ సంచి. అన్నిటికంటే నాకు కంపరం పుట్టించింది అతను అడగడం. బ్యూరెట్లు ఎక్కడున్నాయని అటెండరును అడిగేవాడు, ఆమ్లం పాళ్ళు నన్ను అడిగేవాడు, తనకు తెలిసిందాన్ని కూడా ఇంకోసారి అడిగి రాసుకునేవాడు. నాకు తెలియదు అని అంత సులువుగా నలుగురిలో ఎలా అనగలడో నాకు అర్థమయ్యేది కాదు. చేరిన రోజే అతన్ని తట్టి చూశాను. డొల్లగా మోగాడు.

ఒక మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలకు హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసరు ఎగ్జామినరుగా వచ్చారు. ఆయన పిల్లల జవాబులు వింటూ ఆవులించలేదు, హెడ్డు గారి తెల్లకోటుకు మోసపోలేదు. ఖంగుమన్న మనిషి. భోజనాలయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చారు. ట్యూటరు పక్కనే నిలబడి పిపెట్లు తుడుస్తున్నాడు.

“రీసెర్చి చేసే ఉద్దేశం ఉందా అమ్మా?” అని అడిగారు. “నా దగ్గర ఒక్క సీటు ఉంది. వచ్చే మార్చిలో నింపుతాను. ఇంటర్వ్యూలో గడగడా అప్పజెప్పేవాళ్ళను తీసుకుని విసిగిపోయాను. ఎక్స్‌రేలో పెట్టి చూడడానికి పనికొచ్చే మంచి స్ఫటికం ఒక్కటి తెచ్చిన వాళ్ళకు ఇస్తాను. ఎవరైనా సరే.”

ఎవరైనా సరే అన్నప్పుడు ఆయన ట్యూటరు వైపు కూడా చూశారు. అది మర్యాదకు అన్న మాట అని నేను తీసిపారేశాను.

ఆయన పనిచేసేది సగం రాయి, సగం కర్బనం అనదగ్గ స్ఫటికాల మీద. రాగి, క్లోరిన్ కలిసి ఒక పొర కడతాయి. ఒక్కో రాగి చుట్టూ ఆరు క్లోరిన్లు, నాలుగు దగ్గరగా, రెండు కాస్త దూరంగా. ఆ పొరకూ పై పొరకూ మధ్య ఇథైలమైన్ అణువులు చేరతాయి. నత్రజని ఉన్న తలను క్లోరిన్ల సందులోకి దూర్చి, కర్బనం తోకను ఖాళీలోకి చాపుతాయి. కింది పొర నుంచి వచ్చిన తోకలు, పై పొర నుంచి వచ్చిన తోకలు నడిమధ్యలో ఎదురుపడతాయి. మళ్ళీ రాగి పొర, మళ్ళీ తోకలు. తోక పొడుగును బట్టి పొరల మధ్య దూరం మారుతుంది, దాంతో స్ఫటికం గుణమూ మారుతుంది. ఆయన కాగితం మీద బొమ్మ గీసి ఇదంతా చెబుతుంటే నాకు లోలోపల నవ్వొచ్చింది. పొరల సంగతి నాకా చెబుతున్నారు! తాండూరు బండలో మట్టి ఉండే చోట ఇక్కడ కర్బనం తోకలు ఉన్నాయి, అంతే తేడా. ఆ కాగితం చూసిన నిమిషంలోనే సీటు నాదేనని తేల్చేసుకున్నాను.

ఆ సీటు నాకు ఎంత కావాలో చెప్పాలి. అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ నేను దేన్నీ అంతగా కోరుకోలేదు. అది దొరక్కపోతే ఈ హెడ్డు గారి దగ్గర, ఆయన రిటైరయ్యాక ఇంకో హెడ్డు గారి దగ్గర, సీసాలు కడిగిస్తూ జుట్టు నెరిసిపోతుంది. స్ఫటికం ఎంత సైజు ఉండాలని మాత్రం నేను ప్రొఫెసరును అడగలేదు. ఆయనా చెప్పలేదు. తాండూరు మేస్త్రి బిడ్డకు ఆ ప్రశ్న పుట్టనే పుట్టదు.

పని వినడానికి సులువు. రాగి క్లోరైడు ఒక పాలు, ఇథైలమైన్ ఉప్పు రెండు పాళ్ళు, కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో కరిగించి, బీకరు మీద వడపోత కాగితం కప్పి, దానికి సూదితో నాలుగు చిల్లులు పొడిచి వదిలేయాలి. నీళ్ళు మెల్లగా ఆరుతుంటే అడుగున బంగారు రంగు పలకలు పుడతాయి. కానీ మా ల్యాబులో మెల్లగా అన్నది ఎక్కడుంది? ఏప్రిల్ ఎండకు నీళ్ళు మూడు రోజుల్లో ఎగిరిపోయి అడుగున పెళుసు గడ్డ మిగిలింది. జూలై వానలకు గాలిలో తేమ ఎక్కువై నెల తిరిగినా నీళ్ళు తగ్గలేదు. ఏదో ఒక పలక పుట్టినా దాన్ని ఆరబెట్టేలోగా తడి పట్టి జిగటగా తయారైంది. హెడ్డు గారు వచ్చి తొంగిచూసి, “గిది ఆముదమా?” అని అడిగారు. ఆయన అక్కడికి ఎందుకొచ్చారో ఆయనకే తెలియదు కాబట్టి నేను బీకరు మీద కాగితం కప్పేశాను.

చలికాలం వచ్చాక పని నా చేతికి వచ్చింది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, బీకరును మెడ దాకా అందులో పాతి, ఎండ పడని మూల పెట్టాను. వేడి పగలూ రాత్రీ పెద్దగా మారకుండా ఆ ఇసుక కాపాడింది. పుట్టినవాటిలో చక్కటి చిన్న పలకను ఏరి, నా తలవెంట్రుకతో కట్టి, నీళ్ళ నడిమధ్యకు వేలాడదీశాను. ఇక పెరగాల్సింది అదొక్కటే. అడుగున తమంత తామే పుట్టే చిన్న ముక్కలు దాని తిండి తినేస్తాయి. అందుకని రోజూ పొద్దున రాగానే, చెప్పులు విడవకముందే, గాజు కడ్డీతో అడుగు గీకి, ఆ ముక్కలను తీసి చెత్త పళ్ళెంలో పడేసేదాన్ని. అవి ఆవగింజంత, ఇంకా చిన్నవి. గనిలో పెచ్చులను చూసినట్టే వాటిని చూశాను.

ఒక పొద్దున ట్యూటరు ఆ పళ్ళెం దగ్గర వంగి నిలబడ్డాడు. చేతిలో కడిగి ఆరబెట్టిన చిన్న పెన్సిలిన్ సీసా ఉంది.

“మేడం, గివి రోజు పారేస్తుండ్రు గదా. నేను తీస్కోవచ్చా?”

ఎందుకని కూడా నేను అడగలేదు. పిల్లలకు చూపించి మార్కులు కొట్టేసుకోవడానికి అనుకున్నాను.

“తీసుకో. నీకు అవే సరిపోతాయి.”

ఈ మాట అన్నాక నాకు చాలా తృప్తిగా అనిపించింది. మంచి మాట దొరికిందని సాయంత్రం బండిలో కూడా ఒకసారి మనసులో అనుకుని చూసుకున్నాను. అతను మొహం మాడ్చుకోలేదు. “మంచిది మేడం” అని, సన్న కుంచె కొనను తడిచేసి, భూతద్దం కింద ఒక్కో ముక్కనూ తిప్పి చూసి, కొన్నిటిని వదిలేసి కొన్నిటిని ఏరుకున్నాడు. ఒక్కో ముక్క దగ్గర అంతంతసేపు ఆగడం చూస్తే నాకు విసుగొచ్చింది. ఆ రోజు నుంచి చెత్త పళ్ళెం అతనిదైంది.

రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో పోస్టు కార్డు.

“హైదరాబాద్ సార్‌కు కార్డు రాసిన మేడం, గీ స్ఫటికాల గురించి. జవాబొచ్చింది. జర ఒక్కసారి సూడుండ్రి, మీకు గూడ పనికొస్తది.”

“నీ ఉత్తరాలు చదివే తీరిక నాకు లేదు.”

“రెండే లైన్లు మేడం.”

“చెప్పాను కదా.”

అతను కార్డును నా బల్ల మీద పెట్టి పిల్లల దగ్గరికి పోయాడు. నేను దాని మీద తడి బీకరు పెట్టాను. మధ్యాహ్నం అతను వచ్చి బీకరు ఎత్తి, సిరా పాకిన ఆ కార్డును చొక్కాకు అద్దుకుని, సంచిలో వేసుకున్నాడు. ఆ రెండు లైన్లు చదవడానికి నాకు ఎంతసేపు పట్టేది? ఇప్పటికీ రైల్లో కూర్చుంటే ఆ లెక్క వేసుకుంటాను.

ఫిబ్రవరి చివరికి నా పలక బొటనవేలి గోరంత అయింది. నలుచదరం, బంగారు రంగు, అంచులు కోసినట్టు తిన్నగా ఉన్నాయి. నీళ్ళలోంచి తీసి వడపోత కాగితం మీద ఆరబెట్టాను. హెడ్డు గారు తన కుర్చీలోంచి లేచారు, అదే పెద్ద విశేషం. “అరె, మస్తున్నది! గిసుంటిది మన కాలేజ్ల పుట్టిందా! ఇన్‌స్పెక్షన్ అయ్యేదాంక నా టేబుల్ మీద ఉండనీయి,” అన్నారు. ఎప్పుడో ఉంగరం కొన్న ఎర్ర మఖమలు డబ్బా తెచ్చి ఇచ్చారు. డబ్బా తీసుకుని, స్ఫటికం ఆయనకు ఇవ్వకుండా ఇంటికి తెచ్చేశాను.

ఇంటి దగ్గర నాయిన దాన్ని అరచేతిలో పెట్టుకుని గడప దాకా నడిచి, ఎండకు పట్టి చూశాడు. జీవితమంతా రాయిని చూసిన మనిషి, దాన్ని తిరగేసి మళ్ళీ చూశాడు.

“ఎట్ల లేపినవ్ బిడ్డా, ఒక్క పగులు లేకుంట! గింత పెద్దది ఇంకెవ్వలు తేలేరు, ఫికర్ వెట్టుకోకు.”

అమ్మతో చాయ్ పెట్టించి మొదటి గ్లాసు నా చేతికి ఇచ్చాడు. నేను తాగాను. అంత గర్వంగా ఇంకెప్పుడూ చాయ్ తాగలేదు.

సోమవారం డబ్బాను దూదిలో చుట్టి హైదరాబాదు పోయాను. ప్రొఫెసరు మూత తీసి, “చాలా అందంగా ఉందమ్మా,” అన్నారు. ఆ గొంతు నాకు నచ్చలేదు. పిల్లలు గీసిన బొమ్మను మెచ్చుకునే గొంతు అది. పలకను మైక్రోస్కోపు కింద పెట్టారు. కిందొకటి, పైనొకటి పోలరాయిడ్ అద్దాలు. “చూడండి, నేను దీన్ని తిప్పుతాను. మొత్తం ఒకే స్ఫటికమైతే ఒక్కసారిగా నల్లబడాలి,” అన్నారు. నేను కన్ను ఆనించాను. ఒక మూల నల్లబడింది. ఇంకాస్త తిప్పితే ఇంకో మూల నల్లబడింది, మొదటి మూల మళ్ళీ వెలిగింది. పైకి ఒక్క బండలా కనిపించిన నా పలక లోపల, ఒకదాని మీద ఒకటి కాస్త కాస్త వంకరగా కూర్చున్న పదులకొద్దీ పలకలు ఉన్నాయి. ఆయన పట్టకారుతో అంచును తాకితే ఒక పొర పెచ్చులా లేచి వచ్చింది.

“పెద్దది చేసేకొద్దీ ఇలాగే అవుతుంది. పైగా ఇంత మందం ఉంటే ఎక్స్‌రే లోపలే ఇంకిపోతుంది. నాకు కావాల్సింది ఆవగింజలో సగం. మీ కాలేజీ అబ్బాయి పోయిన వారం తెచ్చాడు కదా, మీకు చెప్పలేదా?”

సొరుగులోంచి తీసి ఆయన బల్ల మీద పెట్టిన సీసాను నేను వెంటనే గుర్తుపట్టాను. పెన్సిలిన్ సీసా. దాని మీద అతికించిన కాగితంలో అతని గుండ్రటి చేతిరాతలో, పెంచింది మేడం గారు, ఏరింది నేను, అని ఉంది. దాని పక్కన ఒక ఎక్స్‌రే ఫిల్ము పెట్టారు. నల్లటి చుక్కలు ముగ్గుకు పెట్టినట్టు వరసల్లో, ఒక్కటి కూడా చెదరకుండా ఉన్నాయి. ఆ చుక్కల్లోంచి పొరకూ పొరకూ మధ్య దూరం ఆయన అప్పటికే లెక్క కట్టేశారు. నా చెత్త పళ్ళెంలోంచి వచ్చిన ముక్క అది.

నాకు సిగ్గనేది మిగలలేదు. “అవి నావి సార్,” అన్నాను.

“తెలుసమ్మా. అతనే చెప్పాడు, కాగితం మీద కూడా రాశాడు. మీ ఇద్దరిలో ఎవరికి ఇవ్వాలా అని నేనూ రెండు రోజులు ఆలోచించాను.” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “పెంచడం నేర్పగలను. ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్నది నేర్పడం నా వల్ల కాదు. పైగా ఎంత సైజు కావాలని అతను కార్డు రాసి అడిగాడు. మీరు ఏడాది పొడుగునా పనిచేశారు, ఒక్కసారి అడగలేదేం?”

మా గనిలో అడగరని చెప్పాలా? మఖమలు డబ్బా మూసి లేచి వచ్చేశాను. ఆయన్ను కూడా డొల్లగా మోగినవాళ్ళలో కలిపేయాలని నాంపల్లి నుంచి శంకర్‌పల్లి దాకా ప్రయత్నించాను. కుదరలేదు.

నాయిన ఆ సాయంత్రం స్టేషనుకే వచ్చాడు.

“తీస్కున్నరా బిడ్డా?”

“లేదు నాయినా.”

“సిన్నగయిందా?”

“పెద్దగయింది.”

నాయిన నవ్వాడు. నేను పరాచికం ఆడుతున్నాననుకున్నాడు. “రాయి పెద్దగయిందంటరా ఏడనన్న!” అన్నాడు. నా మొహం చూశాక నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. ఇంటి దాకా డబ్బా తానే పట్టుకుని, నాకంటే రెండు అడుగుల ముందు నడిచాడు. నా వల్ల ఆయన తల వంచుకోవడం నేను చూసింది ఆ ఒక్క రోజే.

జూన్‌లో ట్యూటరు కాలేజీ వదిలి వెళ్ళాడు. వెళ్ళే ముందు నా బల్ల దగ్గరికి వచ్చి, “మీ పుణ్యమే మేడం,” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. అతని ప్యాంటు అప్పటికీ పొట్టిగానే ఉంది. నా పలకను హెడ్డు గారు అడిగి తీసుకుని అద్దాల బీరువాలో పెట్టారు. ఆ వానాకాలానికే అది తేమ పట్టి, రంగు మారి, పొరలుగా విడిపోయింది. అయినా ఆయన దాన్ని తీయకుండా రెండు ఇన్‌స్పెక్షన్లు గడిపేశారు.

చలికాలం మొదలయ్యాక నా పేరు మీద కాలేజీకి ఒక కార్డు వచ్చింది. గుండ్రటి చేతిరాత. తెచ్చిన ముక్కలు అయిపోయాయని, అక్కడ ఎంత ప్రయత్నించినా అలాంటివి పుట్టడం లేదని, వీలైతే మళ్ళీ పెంచి పంపగలరా అని, ఈసారి కూడా వినయంగా అడిగాడు. చివర ఒక వాక్యం ఉంది. పెద్దది మీరే ఉంచుకోండి మేడం, మీరు పారేసేవి చాలు.

కార్డును చింపలేదు. దాని మీద బీకరూ పెట్టలేదు. నాలుగు రోజులు సొరుగులో ఉంచుకుని, తీసి చదివి, మళ్ళీ పెట్టాను. నాలుగు రోజులూ అతన్ని తిట్టుకున్నాను, తర్వాత నన్ను తిట్టుకున్నాను. ఐదో రోజు కుండలో ఇసుక తడిపి బీకరు పాతాను. వెంట్రుక కట్టలేదు, ఏ పలకనూ వేలాడదీయలేదు. అడుగున ఎన్ని పుడితే అన్ని పుట్టనిచ్చాను. భూతద్దం కింద వాటిని ఏరడానికి మూడు పూటలు పట్టింది. అతను ఒక్కో ముక్క దగ్గర అంతసేపు ఎందుకు ఆగేవాడో అప్పుడు తెలిసింది. ఒకేలా కనిపించే వందలో నిజంగా ఒకే స్ఫటికంగా ఉండేవి నాలుగో ఐదో, అంతే.

సీసా కట్టి పంపే ముందు ఒక కార్డు తీసుకున్నాను. పైన అతని పేరు రాశాను. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు దగ్గర పడ్డాయి, ఆ మాట ఎవరికీ ఎప్పుడూ రాయలేదు. చివరికి రాశాను. తర్వాతివి ఎంత సైజు కావాలో తెలియజేయండి.